ఎలీసమ్మ చూపు

చిలకలూరిపేటలో పత్తి మిల్లుల వెనక వీధిలో ఉండేది జయరావు ఇల్లు. ముందు గది స్టూడియో. వెనక పడకగదీ, వంటిల్లూ. ఈ రెంటికీ మధ్య కిటికీ లేని ఇరుకు గది ఒకటి, అది డార్క్‌రూమ్. మిల్లులు ఆడే నెలల్లో వీధంతా దూది నూగు తేలుతూ ఉండేది. పొద్దున తుడిచిన గడప మధ్యాహ్నానికి తెల్లబడేది.

ఎనభై ఆరు జనవరిలో ఒక మధ్యాహ్నం ఆ గడప దాటి ఒక చెక్కపెట్టె వచ్చింది. హైదరాబాదులో ఎవరో పెట్టిన ఫోటోల పోటీ నుంచి. జయరావు గబగబా మేకులు పీకాడు. లోపల గడ్డి, గడ్డిలో అద్దం కట్టిన ఫోటో, దాని మూలకి వేలాడుతూ బంగారు రంగు పతకం.

"వచ్చేసింది రెబ్కా! మొదటిది మనకే!"

రెబ్కా తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. ఆమె మిషన్ బడిలో టీచరు. మొగుడు గెలిచాడని సంతోషంగానే వచ్చింది. ఫోటో చూశాక ఆ సంతోషం నోట్లోనే ఉండిపోయింది.

నలుపు తెలుపు ఫోటో. మిరపకాయల గుట్ట ముందు కుర్చీలో ఒకామె కూర్చుని ఉంది. తల మీద కొంగు. చెంపల మీద దుమ్ము. ఒంట్లో ఎక్కడా కదలిక లేదు, రాతిలో చెక్కినట్టుంది. కళ్ళు మాత్రం బతికి ఉన్నాయి. నేరుగా చూస్తున్నాయి. కెమెరాని చూసే చూపు కాదది. కెమెరా వెనకున్న మనిషిని చూసే చూపు. బాగా తెలిసిన మనిషిని, ఇష్టమైన మనిషిని.

"ఎవరండీ ఈమె?"

"కళ్లంలో కూలీ. మార్టూరు దారిలో."

"పేరు?"

"నేనడగలేదు," అన్నాడు జయరావు. అడక్కముందే సిద్ధం చేసుకున్న జవాబులా, గబుక్కున అన్నాడు.

ఆ సాయంత్రమే ఫోటో స్టూడియో గోడకెక్కింది. ఎదురింటి వెంకాయమ్మ చూడ్డానికి వచ్చి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడి చూసి చూసి, "ఏంది టీచరమ్మా, ఆ పిల్ల మీ ఆయన్ని అట్టా చూస్తంది?" అంది. "మా ఆయన్ని ఎవతన్నా అట్టా చూసుంటే ఈపాటికి పొయ్యిలో పెట్టుందును. ముందు ఆయన్ని, ఆ తర్వాత ఫోటోని."

రెబ్కా నవ్వింది. నవ్వాలి కాబట్టి నవ్వింది.

జయరావు చెడ్డవాడని ఎవరూ అనుకోలేదు. తాగడు. పేకాడడు. అతని జబ్బల్లా ఫోటోయే. మార్టూరులో నాగూర్ వలి అనే పెద్దాయన దగ్గర పని నేర్చుకున్నాడు. మొహం మీది మచ్చలు తీసెయ్యడం, చిరిగిన పాత ఫోటోలు అతకడం, చచ్చిపోయినవాళ్ళకి కళ్ళు గియ్యడం. ఆ రోజుల్లో పల్లెల్లో చాలామందికి బతికుండగా ఫోటో ఉండేది కాదు. ప్రాణం పోయాక కుర్చీలో కూర్చోబెట్టి తీయించుకునేవాళ్ళు. మూసుకున్న రెప్పల మీద టచింగ్ చేసేవాడు సన్న కుంచెతో కళ్ళు తెరిచి ఇస్తే, గోడకి పెట్టుకుని దండ వేసుకునేవాళ్ళు. పెళ్ళిళ్ళూ, చావులూ, పాస్‌పోర్టు ఫోటోలూ. చేతిలో పనున్నవాడికి అన్నానికి లోటు లేదు.

కానీ జయరావుకి అది చాల్లేదు. తనది కళ అని ఎవరో పెద్దవాళ్ళు ఒప్పుకోవాలి. పాత కెమెరా ఒకటి మెడలో వేసుకుని తెల్లవారకముందే సైకిలు తొక్కుకుంటూ పోయేవాడు. దూది ఎగిరే మిల్లుల్లో వెలుతురు చారల కోసం గంటలు గంటలు నిలబడేవాడు. మిరప కళ్లాల్లో ముక్కుకి గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళ చుట్టూ తిరిగేవాడు. తీసుకొచ్చి, చీకటి గదిలో ఎర్రబల్బు కింద ఒకే ఫోటోని పదిసార్లు ప్రింటు వేసేవాడు. ఇక్కడ కొంచెం ముదురు, అక్కడ కొంచెం లేత. పోటీలకి పంపేవాడు. అన్నీ తిరిగొచ్చేవి. ఒకసారి ఒక న్యాయనిర్ణేత ఫోటో వెనక పెన్సిలుతో రాశాడు. 'వెలుతురు బాగుంది. మనిషి కళ్ళలో ప్రాణం లేదు.' ఆ మాట జయరావుని తినేసింది. అన్నం ముందు కూర్చుని కూడా రెబ్కా కళ్ళలోకి పిచ్చివాడిలా చూసేవాడు. ఆమె సిగ్గుపడేది. తన మీద ప్రేమనుకునేది.

ఆశకి హద్దు పెట్టుకోనివాడు మొదట నిద్ర పోగొట్టుకుంటాడు, తర్వాత నిజం పోగొట్టుకుంటాడు. జయరావు రెండోది ఎక్కడ పోగొట్టుకున్నాడో భార్యకి అప్పటికింకా తెలీదు.

*

ఫోటో పోటీకి వెళ్ళినప్పటి నుంచీ రెబ్కాకి కళ్ళు మండేవి. మిరపకాయలు వేయిస్తున్న గదిలో ఉన్నట్టు. కళ్ళ డాక్టరు లైటు వేసి చూసి, ఏమీ లేదమ్మా, దూది నూగు అన్నాడు. అది ఇంటికొచ్చి గోడకెక్కాక మంట తగ్గింది. అంతకన్నా వింత మొదలైంది.

ఆదివారం గుడిలో పాస్టరుగారు, "తలలు వంచి కళ్ళు మూసుకుందాం," అన్నారు. రెబ్కా కళ్ళు మూసుకుంది.

చీకటి రాలేదు.

తన స్టూడియో గది కనిపించింది. పైనుంచి. గోడ మీంచి చూసినట్టు. టచింగ్ బల్ల, బల్ల మీద కుంచెలు, నీళ్ళ గ్లాసు. తలనొప్పని గుడికి రాని మొగుడు బల్ల ముందు వంగి ఉన్నాడు. నడినెత్తి మీద జుట్టు పల్చబడిన చోటు కూడా కనిపించింది.

రెబ్కా ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. గుడి. వంగిన తలలు. పాస్టరుగారి గొంతు. మళ్ళీ మూసింది. మళ్ళీ అదే గది. ఈసారి జయరావు తలెత్తి నేరుగా ఆమెకేసి చూస్తున్నాడు. పెదాలు కదిలాయి. వినపడలేదు గానీ, ఆ పెదాల కదలిక ఆమెకి కొత్త కాదు. 'అట్టా చూడకు.'

లేచాడు. తువ్వాలు తీసుకున్నాడు. దగ్గరికి వచ్చాడు, ఇంకా దగ్గరికి... గుడ్డ కప్పినట్టు అంతా నల్లబడింది.

గుడి అయ్యీ అవగానే రెబ్కా పరుగులాంటి నడకతో ఇంటికొచ్చింది. గోడ మీద ఫోటోకి తువ్వాలు కప్పి ఉంది.

"ఇదెందుకు కప్పారు?"

"దూది నూగు పడుతోందని."

"మిగతా ఫోటోల మీద పడదా?"

జయరావు కుంచె కడుక్కుంటున్నాడు. శుభ్రంగా ఉన్న కుంచెనే మళ్ళీ కడుగుతున్నాడు.

ఇక్కడ రెబ్కా ఒక తప్పు చేసింది. పాస్టరుగారికి చెప్పొచ్చు. మొగుణ్ణి కూర్చోబెట్టి అడగొచ్చు. అదేమీ చెయ్యకుండా మౌనంగా తువ్వాలు తీసేసింది. తనకేదో జరుగుతోందన్న భయం కన్నా, ఆ ఆడమనిషి ఎవరో తెలుసుకోవాలన్న పట్టుదల ఎక్కువైంది. దేవుడి ముందు మూసుకోవలసిన కళ్ళని మొగుడి మీద కాపలాకి మూసుకుంది. బడిలో పిల్లలు ప్రార్థన చేస్తుంటే చూసేది. బస్సులో కునికినట్టు నటించి చూసేది. పడుకుంటే తెల్లవార్లూ చీకట్లో ఆ స్టూడియో గదే కనపడేది. నిద్ర కరువై కళ్ళు గుంటలు పడ్డాయి.

చూసిందల్లా ఏమిటి? ఫోటోలకి వచ్చే జనం. ఏడ్చే పసిపిల్లలు. పౌడరు రాసుకునే పెళ్ళికొడుకులు. మొగుడు ఎవరితోనూ తప్పుగా లేడు. కానీ ఒకటి గమనించింది. జయరావు ఆ గదిలో ఎప్పుడూ ఆ ఫోటోకి వీపు పెట్టడు. కెమెరా అటు జరిపి, కుర్చీ ఇటు జరిపి, వచ్చినవాళ్ళని పక్కవాటుగా కూర్చోబెట్టి, ఎలాగోలా మొహం అటే ఉండేలా చూసుకుంటాడు.

ప్రేమించినదాన్ని అలా చూస్తారా? లేక... పామున్న గదిలో అలా తిరుగుతారా?

మార్చి నెలలో ఒక ఉదయం. బడి ఆవరణలో పిల్లలు చేతులు జోడించి నిలబడ్డారు. రెబ్కా కళ్ళు మూసింది. స్టూడియో గది ఖాళీగా ఉంది. తలుపు వేసి ఉంది. కిటికీ అద్దంలోంచి ఎండ నేల మీద పడుతోంది. చూస్తుండగా, చూపు కింది అంచున ఏదో ఉన్నట్టు తోచింది. ఇంతకాలం అక్కడే ఉందేమో, తను గమనించలేదేమో.

చెయ్యి.

కుర్చీ చేతి మీద పెట్టిన చెయ్యి. గోళ్ళ సందుల్లో ఎర్రటి దుమ్ము. మిరప తొడిమలు తుంచి తుంచి బొబ్బలెక్కిన వేళ్ళు. అది తన చెయ్యి కాదు. కానీ తన చెయ్యి తనకి ఎలా కనపడుతుందో, అలా కనపడుతోంది.

చూపుడు వేలు లేచింది. మెల్లిగా... మళ్ళీ దిగింది. అలవాటు తప్పిన వేలిని కదిపి చూసుకుంటున్నట్టు.

రెబ్కా కెవ్వున అరిచింది. పిల్లలు ముందు బెదిరారు, తర్వాత నవ్వారు.

*

మర్నాడు జయరావు బజారుకి వెళ్ళినప్పుడు రెబ్కా ఆ ఫోటోని గోడ మీంచి దించి, పాత పేపర్లలో చుట్టి, చంకలో పెట్టుకుని మార్టూరు బస్సెక్కింది. ఫోటోలో గుట్ట వెనక గ్రానైటు రాళ్ళు పేర్చిన గట్టు ఒకటుంది. ఆ గట్టు పక్కన మిరప ఎండబోసే కళ్లం ఏదని అడుగుతూ పోయింది.

కళ్లం దొరికింది. ఎండలో నేలంతా ఎర్రగా పరిచి ఉంది. ఆ ఘాటుకి గాలి కూడా మండుతోంది. దూరంగా ఆడవాళ్ళు ముక్కులకి గుడ్డలు కట్టుకుని తాలుకాయలు ఏరుతున్నారు. ఒక్కొక్కరి కళ్ళే కనపడుతున్నాయి. రెబ్కా ఒక్కొక్క జత కళ్ళనీ చూసుకుంటూ నడిచింది. అవేవీ కావు.

కాపలా పాక నీడలో నడివయసు మనిషి ఒకడు గోతాలు కుడుతున్నాడు. పేరు ఆదాం.

"ఏం కావాలి తల్లీ?"

"ఒకామె కోసం వచ్చాను. ఇక్కడ పనిచేస్తుందట." రెబ్కా పేపర్లు విప్పింది. "ఆమెతో రెండు మాటలు మాట్లాడాలి."

ఆదాం చేతులు పంచెకి తుడుచుకుని ఫోటో అందుకున్నాడు. చూశాడు. చాలాసేపు చూశాడు.

"పాడైపోయిందన్నాడే..."

"ఏది?"

"ఫోటో. ఫిల్ము పాడైందంట, రాలేదంట. నాలుగుసార్లు తిరిగా ఆయన చుట్టూ." ఫోటో మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు. "నా పెళ్ళామమ్మా. ఎలీసమ్మ."

"ఇప్పుడెక్కడుంది?"

"ఎక్కడుంటది? సమాధుల తోటలో. పోయినేడు కోతల్లో, ఇదిగో ఈడనే, కాయలేరతా ఏరతా పక్కకి ఒరిగింది. అంతే. దీనికి ఒక్క ఫోటో కూడా లేదమ్మా. ఆయనెవరో కెమెరా ఏసుకుని గుట్టల చుట్టూ తిరగతంటే కాళ్ళు పట్టుకున్నా. కుర్చీలో కూకోబెట్టాం. వెనకనించి నేనే పట్టుకున్నా, పడిపోకుండా. ఇదిగో, కొంగు కింద ఈ ఎత్తు చూడు. నా చెయ్యే అది."

రెబ్కాకి ఆ ఎండలో చలేసింది.

"ఒకటి తీసి పోతాడనుకున్నా. చానాసేపు తీశాడు. గడ్డం ఎత్తు, ఇంకాస్త తిప్పు, ఎండ దిగనీ అంటాడు. పాస్టరుగారు వచ్చి కేకలేస్తే గానీ వదల్లా. నేనేం అడిగా? నిదరపోతన్నట్టు ఉంటే చాలయ్యా అన్నా. కళ్ళు తెరవొద్దన్నా. అది బతికినన్నాళ్ళూ ఈ ఘాటులో కళ్ళు మండి మండి ఏడ్చింది. ఇప్పటికైనా మూసుకోనీ అన్నా."

"మరి ఈ కళ్ళు..."

"అదే చూస్తన్నా." ఆదాం ఫోటోని ఎండలోకి తిప్పాడు. "మొహం దీనిదే. కళ్ళు దీనియ్యి కావు. దీని కళ్ళు ఇంకా చిన్నయ్యి."

తలెత్తి ఏదో అడగబోయి రెబ్కాని చూశాడు. ఫోటోని చూశాడు. మళ్ళీ రెబ్కాని చూశాడు. చేతిలోది కింద పెట్టి లేచి, వెనక్కి వెనక్కి అడుగులేశాడు.

"తల్లీ... ఇయ్యి నీ కళ్ళు."

*

మార్టూరులోనే నాగూర్ వలి ఉన్నాడు. రెబ్కా ఆయన్ని వెంటబెట్టుకుని పొద్దు వాలకముందే ఇంటికి చేరింది. జయరావు ఖాళీ మేకు కింద కూర్చుని ఉన్నాడు. ఫోటో రావడం చూసి లేచి నిలబడ్డాడు.

వలి కళ్ళద్దాలు పెట్టుకుని ఫోటో మీదకి వంగాడు. వేలి కొనతో కంటి చుట్టూ తడిమాడు. అక్కడ కాగితం వెంట్రుకవాసి ఎత్తుగా ఉంది.

"ఒరేయ్, అతికించావట్రా?"

జయరావు తలూపాడు.

"ఎవరి కళ్ళురా ఇవి?"

"రెబ్కావి," అన్నాడు జయరావు. "పెళ్ళయిన మర్నాడు తీశాను కదా... ఆ ఫోటోలోంచి."

రెబ్కాకి ఆ రోజు గుర్తొచ్చింది. మల్లెపూలు పెట్టుకుని ఈ గదిలోనే కూర్చుంది. కెమెరా వెనక కొత్త మొగుడు. ఇటు చూడు అన్నాడు. చూసింది. ఇన్ని నెలలుగా తను మండిపడ్డది తన చూపు మీదేనా?

జయరావు ఒక్కొక్క ముక్కే చెప్పుకొచ్చాడు. కుంచెతో ఎన్నిసార్లు గీసినా బొమ్మ కళ్ళలానే ఉన్నాయట. వెలుతురు చూస్తే మళ్ళీ దొరికేది కాదట. అంత అందమైన ఫోటోని కళ్ళు మూసి వదిలెయ్యబుద్ధి కాలేదట. పెళ్ళి ఫోటోని అదే కొలతకి ప్రింటు వేసి, బ్లేడుతో కళ్ళు కోసి, వెనక గరుకు కాగితంతో పల్చగా అరగదీసి, అంటించి, అంచులు కుంచెతో కలిపాడు.

"నేను నీకు నేర్పిందేంట్రా?" వలి గొంతు పెరగలేదు. "చచ్చినోళ్ళ కళ్ళు కుంచెతోనే గియ్యాలన్నానా? గీసినా చూపు పక్కకే ఉండాలన్నానా? నేరుగా పెడితే ఎవరో ఒకరి మీద నిలబడుద్దన్నానా? అతికించడం గురించి చెప్పలేదంటే... అట్టాంటి పని చేసేవాడు పుడతాడని మా ఉస్తాదుకే తెలీదురా."

"ఇప్పుడేం చెయ్యను సాయిబుగారూ?"

"తెరిచినోడివి నువ్వే. నువ్వే ముయ్యి."

అద్దం ఊడదీశారు. జయరావు రంగు కలిపాడు. కుంచె తడిపి, ఫోటోలో ఎడమకంటి మీద రెప్ప గియ్యడం మొదలుపెట్టాడు. గదిలో చప్పుడు లేదు. దూరంగా మిల్లు ఆడుతోంది.

రెబ్కా ఎడమకంటికి చల్లగా ఏదో తగిలింది. తడిగా. చెయ్యి పెట్టి చూసుకుంటే ఏమీ లేదు. కుంచె కదిలింది. ఆ కంటికి పైనుంచి చీకటి దిగింది. కన్ను తెరిచే ఉంది. చీకటి మాత్రం దిగుతోంది... కొంచెం... ఇంకొంచెం...

"ఆపండి! కనపడట్లేదు! ఏవండీ, ఆపండి!"

జయరావు కుంచె వదిలేసి తడిదూదితో రంగు తుడిచేశాడు. తుడిచేకొద్దీ రెబ్కాకి వెలుతురు వచ్చింది. ఆమె నేల మీద కూలబడింది.

వలి చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగాడు. "మూస్తే నీ పెళ్ళాం గుడ్డిదవుద్ది. ఉత్తినే పీకేస్తే ఆయమ్మ ఊరుకోదు. ఒకసారి చూసిన మనిషిని మళ్ళీ చూడొద్దంటే వినుద్దా? దారి ఒకటుంది. అది నా నోటితో చెప్పను. నీకు తెలుసు."

జయరావు తలొంచుకున్నాడు. అతనికి తెలుసు.

*

మర్నాడు బడిలో పిల్లల ప్రార్థనప్పుడు రెబ్కా భయం భయంగా కళ్ళు మూసుకుంది.

చీకటి.

ఉత్త చీకటి. అందరికీ ఉండే మామూలు చీకటి. ఆమె అక్కడే ఏడ్చేసింది.

ఇంటికి వచ్చేసరికి గోడ మీద ఫోటో లేదు. జయరావు కాళ్ళ నిండా మట్టి. అతను ఆమె అరచేతిలో చింతగింజలంత రెండు కాగితం ముక్కలు పెట్టాడు. తన కళ్ళు.

"ఇవి తీసి వేరేవి అతికించాను. ఆదాముకి ఇచ్చేశాను. నిజం చెప్పాను."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండేది. ఫోటో చూడను కూడా లేదు. గుడ్డలో చుట్టి, ఆమె సమాధిలో తల దగ్గర పాతిపెట్టాడు. నేనూ మట్టి వేశాను."

"వేరేవి అంటే... ఎవరివండీ?"

జయరావు బల్లకేసి చూశాడు. బల్ల మీద అతని సొంత ఫోటో ఒకటి బోర్లించి ఉంది. రెబ్కా తిప్పి చూసింది. కళ్ళున్న చోట రెండు కన్నాలు.

ఆమె ఆ ముక్కల్ని బైబిల్లో పెట్టుకుంది. మొగుణ్ణి ఒక్కమాట కూడా అనలేదు. తప్పు చేసినవాడు శిక్ష తనంతట తాను నెత్తినేసుకున్నప్పుడు పక్కవాళ్ళు అనాల్సింది ఏమీ ఉండదు.

ఆ రోజు నుంచి జయరావు కళ్ళు మూసుకోవడం మానేశాడు. గుడిలో అందరూ తలొంచితే అతను కిటికీలోంచి ఆకాశం చూసేవాడు. మెడలో కెమెరా వేసుకుని తిరగడం మానేశాడు. పాస్‌పోర్టు ఫోటోలు తీసి, అడిగిన పూటకి ఇచ్చేవాడు. కళ్ళు ఎర్రగా నెత్తురు ముద్దల్లా ఉండేవి. కూర్చున్నచోట కునుకు పడితే ఊపిరాడనట్టు ఎగిరిపడేవాడు.

"ఏం కనపడుతుందండీ?" అని అడిగింది ఒకసారి.

"ఏమీ కనపడదు. మట్టి. కళ్ళ మీదే... మట్టి."

ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం. కరెంటు పోయింది. రెబ్కా దీపం వెలిగించి, వీధి గుమ్మానికి వీపు పెట్టి కూర్చుంది. ఎదురుగా జయరావు. ఆమె అతని చేతులు పట్టుకుంది.

"నేనున్నాను. ఒక్కసారి కళ్ళు మూసుకుని ప్రార్థన చేద్దాం. మూసుకోండి."

అతను మూసుకున్నాడు. ఒళ్ళు బిగుసుకుంది. ఎగిరిపడతాడనుకుంది. ఎగిరిపడలేదు.

"రెబ్కా... వెలుతురు."

"దేవుడికి స్తోత్రం! మట్టి లేదా?"

"లేదు. బయట ఉంది." నుదురు ముడిపడింది. "రోడ్డు. లారీ పోతోంది... మిల్లు గోడ."

"ఏ మిల్లు?"

"మన మిల్లే... వెంకాయమ్మ అరుగు. అరుగు మీద ఎవరూ లేరు." గొంతు గుసగుసలోకి దిగింది. "మన గడప. తెల్లగా ఉంది, దూదితో..."

రెబ్కా గొంతు గరగరలాడింది. దగ్గొచ్చింది. ముక్కు మండింది. మిరప ఘాటు. ఇంట్లో పొయ్యి వెలిగించలేదు.

"ఏవండీ..."

"నీ వీపు కనపడుతోంది." అతని వేళ్ళు ఆమె చేతుల్ని నలిపేస్తున్నాయి. "తిరగొద్దు. రెబ్కా... తిరగొద్దు."

ఆమె తిరగలేదు. పరలోకమందున్న మా తండ్రీ అని మొదలుపెట్టి, తడబడి, మళ్ళీ మొదలుపెట్టి, చివరిదాకా చెప్పింది. వెనక ఏదో గుడ్డ నేలకి రాసుకున్న చప్పుడు. ఎక్కడో లోపలి గదిలో కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. ఒకటి... ఇంకొకటి... ఆ తర్వాత ఏమీ లేదు.

కరెంటు వచ్చింది. ఇంట్లో వాళ్ళిద్దరూ తప్ప ఎవరూ లేరు.

గడప మీద దూది నూగులో అడుగులున్నాయి. చెప్పుల్లేని ఆడమనిషి అడుగులు, ఎర్రటి దుమ్ముతో. లోపలికి వచ్చినవి ఉన్నాయి. బయటికి పోయినవి వెతికారు. దొరకలేదు. రెబ్కా బైబిలు తెరిచింది. ఆకు ఆకూ తిప్పింది. తన కళ్ళ కాగితం ముక్కలు రెండూ లేవు.

ఆ రాత్రి ఇద్దరూ దీపం ఆర్పకుండా గోడకానుకుని కూర్చున్నారు.

తెల్లవారితే ఆదివారం. గుడిలో పాస్టరుగారు, "కళ్ళు మూసుకుందాం," అన్నారు. అందరూ మూసుకున్నారు. రెబ్కా మగవాళ్ళ వైపు చూసింది. జయరావు కళ్ళు మూసుకుని ఉన్నాడు. నుదుటి మీద ముడత లేదు. ఎన్నాళ్ళకో నిద్రపట్టిన పసివాడిలా ఉంది మొహం.

ప్రార్థన మధ్యలోనే కళ్ళు తెరిచి, నడవ అవతలి నుంచి ఆమెకేసి చూసి నవ్వాడు. పెదాలు కదిలాయి. వినపడలేదు గానీ ఆమెకి అర్థమైంది.

'చీకటే. ఉత్త చీకటే. నువ్వూ మూసుకో.'

రెబ్కా ఇంకా మూసుకోలేదు.